ఇంటి ఫైల్ సర్వర్: మూడు నెలల తర్వాత

ఇంట్లో ఫొటోలు, వీడియోలు, కాగితాల స్కాన్‌లు అన్నీ ఒక్క చోటికి చేర్చాలని మొదలుపెట్టిన పని ఇది. పాత డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, 4 టీబీ డిస్కులు రెండు. ఫ్రీబీఎస్‌డీ 14 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, రెండు డిస్కులనూ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో మిర్రర్‌గా, అంటే రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా పెట్టాను. లైనక్స్ అలవాటు ఉన్నా ఇటు రావడానికి కారణం ఒకటే. ఫ్రీబీఎస్‌డీలో జెడ్‌ఎఫ్‌ఎస్ సిస్టమ్‌తో పాటే వస్తుంది, 2008లో వచ్చిన 7.0 నుంచీ ఉంది. లైనక్స్‌లో లైసెన్సుల పేచీ వల్ల అది విడి మాడ్యూల్‌గానే ఉండిపోయింది.

ఇన్‌స్టాల్ అరగంటలో అయిపోయింది. యాష్‌షిఫ్ట్ (డిస్కు మీద రాసే కనీస బ్లాకు సైజును చెప్పే అంకె) 12, డేటాను కుదించే కంప్రెషన్ పద్ధతి ఎల్‌జెడ్4. యాష్‌షిఫ్ట్ ఒక్కటి జాగ్రత్తగా చూసుకోండి, ఒకసారి పెట్టాక మార్చలేం. ఇంకో పని కూడా చేశాను: ప్రతి డిస్కుకూ దాని సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలనే లేబుల్‌గా ఇచ్చి, అవే అంకెలు కాగితం మీద రాసి డిస్కు అంచుకు అతికించాను.

ఆ కాగితం ఆరో వారంలోనే అక్కరకొచ్చింది. నెలకోసారి నడిచే స్క్రబ్ (డేటా మొత్తాన్ని చదివి సరిచూసే పని) అయ్యాక స్టేటస్ చూస్తే, ఒక డిస్కు ఎదురుగా చెక్‌సమ్ గడిలో, అంటే సరిచూపులో తేలిన తప్పుల లెక్కలో, 37 కనిపించింది. గుండె ఝల్లుమంది. అయితే దాని కిందే డేటా తప్పులేమీ లేవని ఉంది. పాడైన ప్రతి బ్లాకునూ జెడ్‌ఎఫ్‌ఎస్ రెండో డిస్కులోని మంచి కాపీతో సరిచేసేసింది. మామూలు ఫైల్ సిస్టమ్ అయితే ఆ పాడైన ఫొటోను అలాగే చేతికిచ్చేది, నాకు తెలిసేది కూడా కాదు.

డిస్కు పోయిందనుకుని కొత్తది కొనబోయే ముందు స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే నంబర్ల వారీగా రాసుకునే లెక్కలు) తీశాను. 5, 197 నంబర్లు సున్నా, అంటే పాడైన సెక్టార్లు లేవు. 199 మాత్రం పెరుగుతోంది. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో వచ్చే తప్పుల లెక్క. కాగితం మీది అంకెలతో ఆ డిస్కును గుర్తుపట్టి, దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చాను, స్టేటస్‌లోని పాత లెక్క చెరిపేసి మళ్లీ స్క్రబ్ నడిపాను. 1.4 టీబీకి మూడు గంటలు పట్టింది, తప్పులు సున్నా. 199 విలువ ఎప్పటికీ వెనక్కి రాదు, కాబట్టి ఆ రోజు అంకె రాసిపెట్టుకున్నాను. ఇప్పటికీ అదే అంకె.

అసలు పాఠం బ్యాకప్ దగ్గర నేర్చుకున్నాను. మిర్రర్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. అందుకని రోజూ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టుగా పట్టి ఉంచడం), వారానికోసారి బయటి డిస్కులో వేరే పూల్‌కి (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల మీద కట్టే నిల్వకు) జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ కమాండ్‌తో కాపీ. మొదటిసారి మొత్తం వెళ్తుంది, ఆ తర్వాత మారినంత మేరకే.

నాలుగు వారాలు ఇలా నడిచాక, సర్వరే కాలిపోతే ఎలా అని ఆ బయటి డిస్కును డెబియన్ 12 అనే లైనక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కి తగిలించాను. పూల్ తెరుచుకోలేదు. దానిలోని ఫీచర్లు తనకు తెలియవంది. ఫ్రీబీఎస్‌డీ 14లో ఉన్నది ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ (ఈ రెండు సిస్టమ్‌లూ వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ రూపం) 2.2, డెబియన్ 12లో ఉన్నది 2.1. కొత్తది తయారుచేసిన పూల్ పాతదానికి అర్థం కాలేదు. డేటా మొత్తం అందులో భద్రంగానే ఉంది, నా చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌తో మాత్రం తీసుకోలేను!

ఒకసారి ఆన్ చేసిన ఫీచర్లను వెనక్కి తీయడం కుదరదు కాబట్టి బయటి పూల్‌ను చెరిపి మళ్లీ కట్టాను. ఈసారి తయారుచేసేటప్పుడే కంపాటిబిలిటీ అన్న ప్రాపర్టీకి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్-2.1-లైనక్స్ అని ఇచ్చాను. సెండ్ మళ్లీ మొదటి నుంచి, రాత్రంతా పట్టింది. పొద్దున్నే ల్యాప్‌టాప్‌లో చదవడానికి మాత్రమే తెరిచి, ఒక ఫొటోల ఫోల్డర్‌ను బయటికి తీసి, ప్రతి ఫైల్‌కూ ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కకట్టి సర్వర్‌లోని వాటితో పోల్చాను. ఒక్క తేడా కూడా లేదు.

కంపాటిబిలిటీ ఇలా పెట్టాక, అందులో లేని కొత్త ఫీచర్ల గురించి స్టేటస్ హెచ్చరించదు. తెరవాల్సిన మెషీన్లన్నీ కొత్త వెర్షన్‌కు వచ్చేదాకా ఆ పూల్‌ను అప్‌గ్రేడ్ చేసే జోలికి పోను. వచ్చే నెల రెండో బయటి డిస్కు తెచ్చి, రెండింటినీ వారం మార్చి వారం తిప్పుతూ, ఒకటి ఎప్పుడూ ఇంటి బయట ఉండేలా చూడాలి.