మూడో మనిషి వచ్చాక

నేనూ మా ఫ్రెండూ కలిసి రెండేళ్లు సరదాగా అనువాదాలు చేశాం. వారానికోసారి కూర్చుని ఒకరు రాసింది ఒకరు దిద్దుకోవడం, అంతే పని. ఎవరో ఒకరికి కుదరకపోతే ఆ వారం ఇక లేనట్టే. తర్వాత ఇంకొకాయన చేరారు. మంచి మనిషి, మా ఇద్దరికంటే భాష బాగా తెలిసినాయన. నెల తిరక్కుండానే ఒక వింత అలవాటు మొదలైంది. ఏదైనా మాట దగ్గర తేడా వస్తే ఇదివరకులా మేమిద్దరం తేల్చుకోవడం మానేసి, ఇద్దరం ఒకేసారి ఆయన మొహంలోకి చూడటం. చాలాకాలం అది ఆయన వల్లే అనుకున్నాను, మనసులో కాస్త విసుక్కున్నాను కూడా.

ఈమధ్య సమాజశాస్త్రంలో చిన్న గుంపుల గురించి చదువుతుంటే తెలిసింది, అందులో ఆయన తప్పేం లేదు, లెక్క మారిందంతే. జర్మన్ పండితుడు గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే ఈ సంగతి రాశాడు. ఇద్దరున్నచోట ఒకరు లేచి వెళ్లిపోతే మిగిలేది ఒక మనిషే, గుంపు కాదు. ముగ్గురున్నచోట ఎవరు పోయినా అది నడుస్తూనే ఉంటుంది, అంటే మొదటిసారిగా ఎవరికీ చెందని 'మనం' ఒకటి పుడుతుంది. ఆ మూడో మనిషి మధ్యవర్తి కావచ్చు, కావాలని చిచ్చుపెట్టి పెత్తనం చేయొచ్చు, లేదా ఏమీ చేయకుండా కూర్చుని లాభపడొచ్చు. ఈ చివరిదాన్ని వివరించడానికి జిమ్మెల్‌కి చాలా పేజీలు పట్టింది గానీ, పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మనవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇద్దరి మధ్య జోడీ ఒకటే. ముగ్గురైతే మూడు, ఐదుగురైతే పది, పదిమందైతే ఏకంగా 45. ఇన్నిటినీ ఎవరు చూసుకోగలరు? అందుకే గుంపు కాస్త పెరగ్గానే లోపల పిల్ల గుంపులు మొలుస్తాయి. (కుటుంబం, ఆటల జట్టు, ఇరుగుపొరుగు లాంటివాటికి 'ప్రాథమిక సమూహం' అని 1909లో పేరు పెట్టిన అమెరికన్ పేరు చార్లెస్ కూలీ. తెలుగులో రాస్తే అలాగే వస్తుంది, ఏం చేస్తాం.)

నాకు బాగా పట్టుకున్నది మాత్రం 1950ల్లో సోలమన్ ఆష్ చేసిన గీతల ప్రయోగం. ఆయన మనస్తత్వశాస్త్రం మనిషే అయినా ఈ విషయానికి ఆయన్ని వదల్లేం. ఒక గీత చూపించి, దానంతే పొడవున్నది పక్క మూడింటిలో ఏదో చెప్పమంటారు. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కాకపోతే గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ముందే మాట్లాడుకుని, కావాలని తప్పు చెబుతారు. పాపం ఆ ఒక్కరు దాదాపు మూడోవంతు సార్లు, కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కాదని గుంపు మాటే చెప్పారు. తప్పు చెప్పేవాడు ఎదురుగా ఒక్కడే ఉంటే మాత్రం ఎవరూ పెద్దగా లొంగలేదు, ఇద్దరైతే కాస్త తడబడ్డారు, ముగ్గురయ్యేసరికి ఒత్తిడి దాదాపు పూర్తి స్థాయికి వచ్చేసింది. ఆ తర్వాత ఎంతమందిని పెంచినా పెద్ద తేడా రాలేదు. అదే గదిలో నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే మాత్రం ఆ లొంగుబాటు చాలావరకు పోయింది.

ఇదంతా చదివాక ఒకరోజు మా మూడో ఆయన్నే అడిగేశాను, మాతో పని మీకెలా ఉంటుందండీ అని. ఆయన నవ్వి, "మీరిద్దరూ ముందే మాట్లాడేసుకుని వచ్చారేమో అని నాకు ప్రతి వారం టెన్షనేనండీ" అన్నారు. మేం ఈయన తీర్పు కోసం ఎదురుచూస్తుంటే, ఈయనేమో మమ్మల్ని ఒక పార్టీ అనుకుంటున్నారన్నమాట. అబ్బే అలాంటిదేం లేదండీ అన్నాను గానీ, రెండుసార్లు మేం నిజంగానే ముందు ఫోన్‌లో మాట్లాడుకుని వెళ్లాం.