పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ మళ్లీ మళ్లీ ఫెయిలవుతుంటే

అప్‌డేట్ అయినట్టే అయి, రీస్టార్ట్‌లో ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అని వెనక్కి వస్తోందా? ఒకసారైతే కరెంటో నెట్టో అనుకోవచ్చు. ప్రతిసారీ అంతే అయితే కారణం మెషీన్‌లోనే ఉంది, రీట్రై ఎంత నొక్కినా పోదు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, ఎర్రర్ కోడ్ చివరి నాలుగు అక్షరాలు కాయితం మీద రాసుకోండి.

0070 అంటే సీ డ్రైవ్‌లో జాగా లేదు. 20 జీబీ దాకా ఖాళీ చేయండి. డిస్క్ క్లీనప్‌లో ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కితేనే పాత అప్‌డేట్ల చెత్త కనపడుతుంది. ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ కూడా ఉంటే దానికి టిక్కు పెట్టకండి, మీ ఫైళ్లే పోతాయి. 2ఎఫ్8ఎఫ్ వస్తే ముందు తేదీ, టైమ్ చూడండి. గడియారం తప్పుంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదనుకుని కనెక్షన్ ఆగిపోతుంది. ఛార్జర్ తీసిన ప్రతిసారీ టైమ్ వెనక్కి పోతుంటే బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయినట్టే. చాలా మోడళ్లలో అది సీఆర్2032.

3712 అంటే విండోస్ తన ఫైళ్లు దాచుకునే కాంపోనెంట్ స్టోర్ పాడైంది. దాన్ని రిపేర్ చేసే ముందు డిస్క్ ఎలా ఉందో చూడడం తప్పనిసరి అంటాను. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగు ‘కాషన్’ వచ్చి, సీ5 వరుసలో సున్నా కాకుండా అంకె ఉంటే, డిస్క్ చదవలేకపోతున్న సెక్టార్లు (డేటా ఉండే చిన్న గదులు) ఉన్నట్టు. అప్పుడు ఏ కమాండూ కొట్టకండి, ముందు ఫొటోలు, కాయితాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఫార్మాట్ చేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. ఆ డిస్క్ మీదనే చేస్తే మళ్లీ అదే గోస. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.

డిస్క్ బాగుంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు ఆ కాంపోనెంట్ స్టోర్‌ను బాగుచేసే డిఐఎస్ఎం రిస్టోర్‌హెల్త్ కమాండ్, అది పూర్తయ్యాక పాడైన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ నడపండి. ఎస్ఎఫ్‌సీ మంచి ఫైళ్లను ఆ స్టోర్‌లోంచే తెచ్చుకుంటుంది కాబట్టి వరుస తిరగేస్తే లాభం లేదు. డిఐఎస్ఎం 62.3 శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టుంటుంది, విండో మూసేయకండి. అయినా కుదరకపోతే సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌నూ, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్‌నూ ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ పేరు మార్చి రీస్టార్ట్ చేయండి. సగం పాడైన డౌన్‌లోడ్ పక్కకు పోయి ఫోల్డర్ కొత్తగా తయారవుతుంది. హిస్టరీ ఖాళీగా కనపడినా, పడ్డ అప్‌డేట్లు ఎటూ పోవు.

0643 చాలామందిని సతాయించింది. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అనే అప్‌డేట్‌కు రికవరీ పార్టిషన్‌లో (విండోస్ మొరాయిస్తే బాగుచేసే సరంజామా ఉండే డిస్క్ భాగం) 250 ఎంబీ ఖాళీ కావాల్సి వచ్చింది. పాత ల్యాప్‌టాప్‌లలో ఆ పార్టిషన్ మొత్తమే 500 ఎంబీ చుట్టూ ఉంటుంది, అందులో చాలావరకు నిండి ఉంటుంది. సీ డ్రైవ్‌ను ఎంత ఖాళీ చేసినా దీనికి పనికిరాదు. రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని డిసేబుల్ చేసి, సీ డ్రైవ్‌ను 250 ఎంబీ కుదించి, రికవరీ పార్టిషన్‌ను తీసేసి పెద్దగా మళ్లీ చేసి, ఎనేబుల్ చేయాలి. పార్టిషన్లు మార్చే డిస్క్‌పార్ట్ కమాండ్‌లో ఒక్క నంబరు తప్పినా డేటా పోతుంది, బ్యాకప్ లేకుండా చేయి పెట్టకండి.

నల్లగొండ, పాలమూరు దిక్కు ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేచిందంటే కరెంటు పోతుంది. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ ప్లగ్గు మీదనే నడుస్తూ అప్‌డేట్ మధ్యలో ఆగితే, పైన చెప్పిన 3712 లాంటివి అలాగే పుడతాయి. పొద్దున పూట, ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. ఫోన్ హాట్‌స్పాట్ వాడుతుంటే, డేటా ఆదా కోసం డౌన్‌లోడ్లను తగ్గించే ‘మీటర్డ్ కనెక్షన్’ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు 22హెచ్2 వెర్షన్‌కే ఉన్నాయి, మీది ఏదో స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని టైప్ చేసి చూసుకోండి.