మూడు లైన్ల విజిల్ సార్

మన పాత విద్యార్థుల కమిటీ వాళ్లు రెండు పేజీలు అడిగారు. "బడి జ్ఞాపకాలు, కాస్త సరదాగా" అని గోలీ మెసేజ్ పెట్టాడు, తర్వాత మూడుసార్లు గుర్తు చేశాడు, మూడోసారి చేతులు జోడించిన బొమ్మలు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. సరేరా, రాస్తున్నా. నీటి ట్యాంకు సంగతి ఎత్తనని జిరాఫీకి మాటిచ్చాను. పావురం కథ ఎలాగూ బి సెక్షన్ వాళ్లే రాసుకుంటారు. ఇక నాకు మిగిలింది మన ఆటల మాస్టారు, విజిల్ సార్. ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు, జరిగే ఉంటుంది లెండి.

ముందే ఒకటి చెప్పేస్తాను, లేకపోతే మీలో ఎవరో ఒకరు గ్రూపులో ఎత్తుతారు. సార్ పోయిన వార్తను పేపర్లో కత్తిరించింది నేనే.

పేపరు ఆఫీసులో, వార్తలు సరిదిద్దే డెస్కులో ఇరవై ఏడేళ్లుగా ఉన్నాను. లెక్కల్లో ముప్పై ఎనిమిది తెచ్చుకున్న నేను ఇప్పుడు రోజూ రాత్రి ఎన్ని పేజీలు ప్రింటుకు వదలాలో, ఏ వార్త ఎన్ని లైన్లు ఉండాలో లెక్క చూస్తుంటాను, ఈ సంగతి లెక్కల మాస్టారికి ఎవరైనా చేరవేస్తే సంతోషం. ఆ రోజు జిల్లా పేజీలో సాయంత్రం ఏడు దాటాక సగం పేజీ యాడ్ పడింది. ఉన్న ఐటమ్స్ అన్నీ కుదించాలి. వాటిలో ఒకటి, "విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు మృతి". విలేకరి ఏడు లైన్లు పంపాడు. "ఫుట్‌బాల్ అంటే ప్రాణం" అన్నది తీసేశాను. "ఎందరో విద్యార్థులను క్రీడాకారులుగా తీర్చిదిద్దారు" అన్నది కూడా తీసేశాను, ఎందుకంటే ఆ వాక్యం లేకుండా మా డెస్కుకు ఏ పీఈటీ మరణవార్తా ఇంతవరకు రాలేదు. వయసు, అనారోగ్యం, ఇద్దరు కొడుకులు. మూడు లైన్లు. పేజీ వదిలేసి ఇంటికెళ్లి పడుకున్నాను.

పొద్దున్నే జిరాఫీ ఫోన్. "నీ పేపర్లో చూశావా, విజిల్ సార్ రా" అన్నాడు.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. అయిదేళ్లు ఆయన గ్రౌండులో ఉన్నాను, పేరు తెలియదు. మీకు తెలుసా? నిజం చెప్పండి. ఇక్కడ పేరు రాయడం లేదు, రాస్తే మీలో సగం మంది ఎవరీయన అంటారు. కమిటీకి విడిగా పంపాను, బోర్డు మీద రాయించడానికి.

చావు వార్తలకు మా దగ్గర ఒక వరస ఉంటుంది, బయటివాళ్లకు తెలియదు. పెద్దవాళ్లయితే "అస్తమయం". కాస్త తక్కువైతే "కన్నుమూత", "ఇకలేరు". మిగతా అందరూ "మృతి". బాగా పేరున్నవాళ్ల గురించి అయితే వాళ్లు ఆస్పత్రిలో చేరిన రోజే రాసి పెట్టుకుంటాం, చివర్లో తేదీ మాత్రం ఖాళీగా ఉంచుతాం. వినడానికి ఘోరంగా ఉంటుంది కానీ ఆ హడావిడిలో కూర్చుని రాయడం ఎవరి వల్లా కాదు. ఇక ఆ రోజు ఇంకెవరు పోయారు, ఇంకేం జరిగింది అనేదాన్ని బట్టి కూడా చోటు దొరుకుతుంది. ఫుట్‌బాల్ ఆటగాడు పీకే బెనర్జీ 2020 మార్చి 20న పోయారు. నిర్భయ దోషుల్ని ఉరితీసింది ఆ తెల్లవారుజామునే, పైగా కరోనా. ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడు చునీ గోస్వామి ఏప్రిల్ 30న, సినిమా నటుడు రిషీ కపూర్ పోయిన రోజే. ఎవరి ఫోటో పైన పడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ ఇద్దరి వార్తల్లోనూ 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం మొదటి పేరాలోనే ఉంది. ఆ జట్టు కోచ్ పేరు నేను చూసినవాటిలో చాలాచోట్ల లేనే లేదు, ఉన్నచోట ఒక ముక్క. "రహీమ్ శిక్షణలో". అంతే.

రహీమ్ సాబ్! గుర్తొచ్చిందా? విజిల్ సార్ రోజుకు పదిసార్లు ఆ పేరు ఎత్తేవాడు కదా. "రహీమ్ సాబ్ చూస్తే ఏమనుకుంటాడు" అనేవాడు, గోలీగాడు ఆయన సార్ మామగారనుకుని టెన్త్ దాకా భయపడ్డాడు. హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఆయనా బడిపంతులే. 1943 నుంచి పోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఆయన చేతిలో పెరిగిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ కొట్టింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు, అదే కోచ్, నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్‌కు తీసుకెళ్లాడు. ఆసియా నుంచి అంతదాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. పది గోల్స్ తిన్న రోజు రికార్డులో ఉంది, సెమీస్ రోజు రికార్డులో ఉంది. మధ్యలో నాలుగేళ్లు గ్రౌండులో ఏం చేశాడో దానికి స్కోరు ఉండదు కాబట్టి ఏ వార్తలోనూ ఉండదు, కోచ్ చేసే పనంతా ఉండేది మాత్రం అక్కడే.

జకార్తా ఫైనల్ సెప్టెంబర్ 4. దక్షిణ కొరియా మీద. గ్రూపులో మనల్ని 2-0తో ఓడించిన జట్టే. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ అసలు డిఫెండరు, రహీమ్ సాబ్ అతన్ని ముందుకు పంపి ఆడించాడు, ఒక గోల్ అతను కొట్టాడు, ఒకటి పీకే. 2-1. ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీమ్ సాబ్ పోయాడు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మళ్లీ ఇంతవరకు రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పెట్టిందే 1985లో.

సార్ ఇవన్నీ మనకు చెప్పేవాడు, మనం వినేవాళ్లం కాదు. విన్నది ఒక్కటే, ఎడమకాలి మ్యాచ్. రహీమ్ సాబ్ కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టేవాడట, సార్ దాన్ని మన నెత్తిన రుద్దాడు. శనివారం చివరి పీరియడ్. కుడికాలి చీలమండకు రుమాలు కట్టుకోవాలి, రుమాలు ఉన్న కాలు బంతికి తగిలితే ఫౌల్. రుమాలు తేనివాళ్లకు సార్ తన జేబులోంచి పాత గుడ్డపీలికలు తీసి కట్టేవాడు, వంగి, మోకాలి మీద కూర్చుని, ముడి వేసి రెండు వేళ్లు దూర్చి చూసేవాడు బిగిసిందేమోనని. నోట్లో విజిల్ అలాగే ఉండేది. ఊపిరి తీసినప్పుడల్లా అది సన్నగా కూసేది, అందుకే ఆ పేరు. (బుడ్డోడు పెట్టాడని వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు, పెట్టింది నేను.)

ఒక శనివారం ఖాళీ గోల్ ముందు బంతి సరిగ్గా నా కుడికాలి దగ్గరికి వచ్చింది. కొడితే గోలే. రుమాలు కనబడి కాలు ఎత్తేశాను, బంతి కిందనుంచి పోయింది, నేను ఒక చుట్టు తిరిగి వెల్లకిలా పడ్డాను. మీరంతా ఎంత నవ్వారో నాకు తెలుసు, నవ్వనిది సార్ ఒక్కడే. చప్పట్లు కొట్టాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, వెక్కిరిస్తున్నాడని వారం రోజులు మాట్లాడలేదు నేను.

తర్వాత టౌన్ టోర్నమెంటులో 3-1తో ఓడాం కదా, ఆ ఒక్క గోల్ జిరాఫీది. దానికి ఎడమకాలితో బంతి అందించింది నేను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. జిరాఫీ కూడా ఎవరికీ చెప్పలేదని గమనించగలరు.

విలేకరి రాసిన ఆ వాక్యం నిజానికి అబద్ధం. ఎందరినో క్రీడాకారులుగా తీర్చిదిద్దలేదు సార్. మన బ్యాచులో ఒక్కడూ జిల్లాకు ఆడలేదు. ఆ లెక్కన నేను తీసేసింది సరైనదే. అయినా ఇప్పుడు నాకు అవే ఏడు లైన్లు ఇస్తే ఏం రాస్తానో చాలాసార్లు ఆలోచించాను, రాసి చూశాను కూడా. నోట్లో విజిల్ పెట్టుకుని పిల్లల కాళ్లకు రుమాళ్లు కట్టేవారు, అన్నది ఒక లైను. అక్కడినుంచి ముందుకు పోలేదు.

గోలీ, ఫోటో అడిగావు. సార్ ఒంటరిగా ఉన్నది ఎవరి దగ్గరా లేదు, వాళ్ల పెద్దబ్బాయిని కూడా అడిగాను. టెన్త్ గ్రూప్ ఫోటో పంపుతున్నాను. ఎడమ చివర, బుడ్డోడి పక్కన, సగం భుజం, ఒక చెయ్యి, చేతికి చుట్టుకున్న విజిల్ తాడు కనబడతాయి, మొహం ఫ్రేములో లేదు. పేజీ పెట్టే కుర్రాడు నీట్‌గా ఉంటుందని ఆ అంచు కత్తిరించేస్తాడు, మా వాళ్లూ అంతే చేస్తారు. కత్తిరించొద్దని చెప్పు.