రోజూ తిరగాల్సిన బండి

నా పాత మారుతి జిప్సీ జీపుని చూసినవాళ్లు ఎక్కువగా ఇచ్చే సలహా ఒకటుంది. "రోజువారీకి చిన్న కారు ఏదైనా తీసుకోండి డాక్టరు గారూ. దీన్ని షెడ్డులో పెట్టి ఆదివారాలు తీయండి, పదికాలాల పాటు ఉంటుంది." ప్రేమతోనే చెబుతారు. పదికాలాల పాటు ఉండాలని నాకూ ఉంది. అందుకే రోజూ తిప్పుతున్నాను. పాత బండి తిరగడం వల్ల పాడయ్యేదానికన్నా నిలబెట్టడం వల్ల పాడయ్యేదే ఎక్కువ. ఈ మాట గట్టిగా నమ్ముతాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

నాది 2008 జిప్సీ కింగ్. ఏపీ 30, అంటే మన శ్రీకాకుళం నంబరే. 1298 సీసీ పెట్రోల్ ఇంజన్, 80 హార్స్ పవర్, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). బరువు టన్ను లోపే. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. నేను పశువుల డాక్టరుని, కాపురం కాశీబుగ్గలో. వెనక సీట్లు తీయించేసి ఆ చోటులో మందుల పెట్టె, తాళ్లు, పశువులకి ఎక్కించే వీర్యం నిలవ ఉంచే నైట్రోజన్ క్యాను బెల్టులతో బిగించుకున్నాను. పొద్దున వజ్రపుకొత్తూరు వైపు ఇసుక దారుల్లో ఉంటే, మధ్యాహ్నానికి మందస దాటి కొండ కింద సవర గూడేల్లో ఉంటాను. మధ్యలో హైవే. ఈ మూడింటికీ పనికొచ్చే బండి నాకింకొకటి కనపడలేదు.

నిలబెట్టిన బండికి ఏమవుతుందో ఉద్దానంలో, అంటే మా తీరప్రాంతంలో, ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సముద్రం మీది నుంచి వచ్చే ఉప్పు గాలికి డ్రమ్ముల్లో బ్రేక్ షూలు పట్టేస్తాయి. వీల్ సిలిండర్లు కదలవు. ఆయిల్ సీళ్ల రబ్బరు ఎండి గట్టిపడుతుంది. ఎలుకలు వైరింగ్ కొరికేస్తాయి. ఇప్పుడు పెట్రోల్ సంగతి కూడా చూసుకోవాలి. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. 2008 బండిని ఆ పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని ట్యాంకులో ఆ తేమ అడుగున చేరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. నా బండిలో 40 లీటర్ల ట్యాంకు వారం తిరక్కుండానే ఖాళీ అయి మళ్లీ నిండుతుంది, పాత పెట్రోల్ నిలవుండే ప్రసక్తే లేదు. పెట్రోల్ గొట్టాలు మాత్రం ముందు జాగ్రత్తగా అన్నీ కొత్తవి వేయించాను.

ఫోర్ వీల్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందించే ఏర్పాటు, అదీ అంతే. గేరు రాడ్డు పక్కన ఉండే ఆ చిన్న లివర్‌ని ఏళ్ల తరబడి ముట్టుకోనివాళ్లని చూశాను. అవసరం పడిన రోజున అది కదలదు. ముందు ఇరుసులో గేర్లు, సీళ్లు నూనెలో తడుస్తూ ఉండాలంటే అప్పుడప్పుడూ ఫోర్ వీల్‌లో నడపాలి. అలాగని తారు రోడ్డు మీద వేయకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఒక దూరం తిరుగుతాయి. ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో జిప్సీకి లేదు. ఇసుకలోనో బురదలోనో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. గట్టి రోడ్డు మీద ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. మాకు ఇసుకకేం కొదవ లేదు. అక్కుపల్లి వైపు జీడితోటల్లో దారి మొదలయ్యేచోట ఆగి, టైర్లలో గాలి పద్దెనిమిది పీఎస్ఐకి దించి, లివర్ వేసుకుని వెళ్తాను. తిరిగొచ్చాక బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్‌తో మళ్లీ నింపుకుంటాను. చక్రం ఉన్నచోటే తిరగడం మొదలైతే ఆ క్షణమే ఆపేయాలి. ఇంకా తొక్కితే ఇరుసు దాకా దిగబడుతుంది.

ఈ బండి మీద నాకున్న నమ్మకమంతా తిత్లీ తుపాను నాటిది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే మా వీధి గుర్తుపట్టలేకపోయాను. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ రోడ్డు మీదే. శాలలు కూలి పశువులు కింద పడి ఉన్నాయని కబురు. జిప్సీ తీశాను. ఊరు దాటకుండానే మొదటి కొబ్బరి మాను అడ్డం. కుర్రాళ్లు కత్తులతో మట్టలు నరికి, మాను మొదట్లో తాడు వేసి, రెండో కొస బండి ముందు కొక్కేనికి కట్టారు. ఫోర్ లో (ఫోర్ వీల్‌లో బలం ఎక్కువ, వేగం తక్కువ ఉండే గేరు), రివర్స్. తాడు బిగుసుకునేదాకా అంగుళం అంగుళం వెనక్కి వచ్చి, ఆపైన క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయాలి. ఇక లాగేది ఇంజనే. మాను ముందు కదల్లేదు, బండి ముందు భాగం కిందికి వంగింది. "ఆపీయండి బాబూ, తాడు తెగిపోద్ది" అని ఒక ముసలాయన అరిచాడు. ఇంతలో మాను గరగరమంటూ పక్కకి జరిగింది. బండి పట్టేంత సందు చాలు, తర్వాతి చెట్టు దగ్గరికి. అలా ఒక్కో చెట్టూ తీసుకుంటూ పోయాం. ఒక ఊళ్లో శాల దూలం కింద గేదె ఉంది, భుజం చీరుకుపోయింది. ఫోన్ లైటు వెలుతురులో కుట్లు వేశాను. నేను చేరేలోపే పోయినవీ ఉన్నాయి. ఆ రోజుల్లో బండి ఒక్కసారీ మొరాయించలేదు, ఎందుకంటే అంతకుముందు రోజు కూడా అది పనిలోనే ఉంది.

వానాకాలం గెడ్డలు (వాగులు) దాటేటప్పుడు ముందు కర్ర పట్టుకుని నడిచి చూస్తాను. చక్రం మధ్యకి మించి నీళ్లుంటే దాటను, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. దాటాక నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు తొక్కితే డ్రమ్ముల్లో తడి ఆరుతుంది. మర్నాడు ఇరుసు హౌసింగ్ బోల్టు విప్పి నూనె చూసుకోవాలి. తెల్లబడితే లోపలికి నీళ్లు చేరినట్టు. అదే రోజు మార్చేయాలి.

మా మేస్త్రి టెక్కలిలో ఉంటారు. ఇరుసులకి శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకి, కమాను పిన్నులకి నెల నెలా గ్రీజు కొట్టడం ఆయన పెట్టిన నియమం. బండి షెడ్డులోకి వస్తుండగానే చప్పుడు విని, "కుడి పక్క బుష్ పోయింది బాబూ" అనేస్తారు. ఇంజన్ సామాన్లకి ఇబ్బంది లేదు, ఎస్టీమ్ కారులో వచ్చిన ఇంజనే ఇది. జిప్సీకి మాత్రమే పనికొచ్చే సామాన్లకి విశాఖలో తిరగాలి, లేదంటే కొరియర్లో తెప్పించుకోవాలి. పదిహేనేళ్లు నిండాక 2023లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. ఒకప్పుడు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5000 అయింది, గ్రీన్ టాక్స్ వేరు. మళ్లీ అయిదేళ్లకి ఫిట్‌నెస్.

ఒక్క విషయంలో మాత్రం దీన్ని వెనకేసుకురాను. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. కొత్త భద్రతా నిబంధనలు వచ్చే సమయానికే మామూలు జనానికి దీని అమ్మకం ఆగిపోయింది. హైవే మీద డెబ్బై దాటను. పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్లాలంటే మా ఆవిడ కారే. మే నెలలో మధ్యాహ్నం కాల్స్ కష్టమే, తడిపిన తువ్వాలు మెడకి చుట్టుకుంటాను. లీటరుకి పది, హైవేలో పన్నెండు ఇస్తుంది. నా పనికి ఆ ఖర్చు సబబే.

ఈమధ్య కుర్రాళ్లు పాత జిప్సీలు కొంటామని అడుగుతున్నారు. రంగు, టైర్లు, సీట్లు చూసి మురిసిపోకండి. బండి కింద పడుకుని ఛాసిస్ చూడండి, ముఖ్యంగా వెనక కమాను పట్టీలు బిగించే చోట. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచినప్పుడు అది ఇనుములోకి దిగిపోతే, ఎంత ధర తగ్గించినా వద్దు. పైన ప్యాచ్ కొట్టి నల్ల రంగు పూసినవి ఎక్కువగా వస్తున్నాయి, రంగు మందంగా ఉన్నచోటే ఇంకా గట్టిగా పొడవండి. తర్వాత మట్టి నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ లో వేయించుకోండి. పలాస, సోంపేట చుట్టుపక్కల బండి అయితే నాకు చెప్పండి. సాయంత్రం కాల్స్ అయ్యాక నేనే వచ్చి చూస్తాను.