ఎమ్మాకు నెల్సన్ రాసిన ఆఖరి ఉత్తరం

నేను నౌకాదళంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఎమ్మా హామిల్టన్‌కి బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ తన ఓడ విక్టరీ నుంచి రాసిన ఆఖరి ఉత్తరంలో ప్రేమ మాటలకన్నా ముందు నన్ను పట్టేసింది పైనున్న శీర్షిక: విక్టరీ, 1805 అక్టోబరు 19, మధ్యాహ్నం, కాడిజ్ తూర్పు ఆగ్నేయంగా 16 లీగులు. ప్రియురాలికి రాస్తూ కూడా ముందు ఓడ ఎక్కడుందో చెప్పాడు! ఎంత నావికుడో చూడండి.

16 లీగులంటే సుమారు 48 నాటికల్ మైళ్లు. శత్రువులైన ఫ్రెంచి, స్పానిష్ ఓడలున్న కాడిజ్ రేవు అంత దూరం నుంచి కంటికి ఆనదు. రేవు దగ్గర కాపలా ఉన్న బ్రిటిష్ ఓడ సిరియస్ సంకేతపు జెండాలెత్తింది. యూరియాలస్ చూసి ఎత్తింది. అలా ఓడ నుంచి ఓడకి పాకి, పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో మార్స్ మీదుగా విక్టరీకి వార్త అందింది: శత్రువు బయల్దేరాడు. వరసలో ఒక్కడు జెండా తప్పు చదివినా అంతే సంగతులు. ఆ కబురుతోనే ఉత్తరం మొదలవుతుంది. 1797లో టెనెరీఫ్‌లో కుడిచెయ్యి పోయింది కాబట్టి రాసింది ఎడమచేత్తో. యుద్ధానికి ముందు తన ఆఖరి రాత నీకే, బతికుంటే తర్వాత పూర్తిచేస్తాను అన్నాడు.

మర్నాడు అదే కాగితం మీద మళ్లీ రాశాడు. గాలి పడమటికి తిరగలేదట, ట్రఫాల్గర్ దగ్గర ఇసుక మేటలట, శత్రువువి లెక్కపెడితే 40 ఓడలట, అందులో 34 పెద్ద యుద్ధనౌకలు అయ్యుంటాయట. నిజానికి 33. ఈ భాగం పొడిగా ఉందనేవాళ్లతో నేను ఒప్పుకోను. సముద్రం మీద ఉన్నవాడి మనసంతా గాలే. అది చెప్పడమంటే మనసు చెప్పడమే. నేనూ మా ఆవిడకి అలాగే రాసేవాణ్ణి. రేవు చేరేదాకా పోస్టు లేదు కాబట్టి ఒకే ఉత్తరంలో మూడు నాలుగు తేదీలుండేవి. అలలు ఎలా ఉన్నాయో రాయకపోతే ఆవిడ ఊరుకునేది కాదు.

21న ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ చనిపోయాడు. బల్లమీద తెరిచి ఉన్న ఆ కాగితం విక్టరీ కెప్టెన్ హార్డీ ద్వారా ఎమ్మాకి చేరింది. తాను అభాగ్యురాలిననీ, నెల్సన్ ధన్యుడనీ దాని చివర ఆమె రాసుకుంది.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. 21 పొద్దున, శత్రువు కళ్లెదుట ఉండగా, ఎమ్మానీ తమ కూతురు హొరేషియానీ రాజుకీ దేశానికీ అప్పజెబుతూ వీలునామాకి కొన్ని మాటలు చేర్చాడు. హార్డీ, యూరియాలస్ కెప్టెన్ బ్లాక్‌వుడ్ సాక్షులు. నెల్సన్ అన్న విలియంకి ఎర్ల్ పదవి వచ్చింది, పార్లమెంటు సొమ్మూ వచ్చింది. ఎమ్మాకి ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదు. అప్పులవాళ్లకి భయపడి ఫ్రాన్సు వెళ్లి, 1815 జనవరిలో కలేలో పోయింది. ప్రాణమిచ్చినవాడు సాక్షులతో రాసిచ్చిన కోరికని అంత పెద్ద రాజ్యం పక్కన పడేసిందంటే నాకు ఇప్పటికీ కోపమే.