థర్డ్ కండిషనల్ నాకు పట్టుబడిన తీరు

ఇంగ్లిషులో ‘ఇలా అయితే అలా’ అని షరతు పెట్టి చెప్పే మిగతా కండిషనల్ వాక్యాలు వాడుతూ ఉండగానే నాకు అలవడ్డాయి గాని, జరిగిపోయినదాన్ని మరోలా ఊహించి చెప్పే థర్డ్ కండిషనల్ మాత్రం సూత్రం కంఠస్థమైన తరువాత కూడా చాలాకాలం నోటికి రాలేదు. ఇఫ్ ఉన్న భాగంలో హాడ్, దాని వెంట క్రియ మూడో రూపం. రెండో భాగంలో వుడ్ హావ్, మళ్లీ మూడో రూపం. ఖాళీలు పూరించడానికి ఇంతమాత్రం చాలు. మాట్లాడుతున్నప్పుడు ఆ వాక్యం అవసరమైన చోటును గుర్తించడమే కష్టం.

ఆ గుర్తింపు నాకు సూత్రం నుంచి కాక, జరిగిన సంగతి నుంచి వచ్చింది. నోటుపుస్తకంలో ఒకవైపు నిజంగా జరిగినదాన్ని మామూలు పాస్ట్ టెన్స్‌లో రాసి, దానికి ఎదురుగా తలకిందులు చేసిన వాక్యం రాయడం మొదలుపెట్టాను. ‘షి డిడ్ నాట్ సెట్ ది అలారమ్, సో షి మిస్డ్ ది ట్రెయిన్’ అన్నది జరిగిన విషయమైతే, దానికి ఎదురు వాక్యం ‘ఇఫ్ షి హాడ్ సెట్ ది అలారమ్, షి వుడ్ నాట్ హావ్ మిస్డ్ ది ట్రెయిన్’ అవుతుంది. నాట్ ఉన్న భాగం వెనుక జరిగిన సంగతి, నాట్ లేని భాగం వెనుక జరగని సంగతి ఉంటాయన్నది ఇలా రాస్తూ ఉండగా స్థిరపడింది. చదివేటప్పుడు కూడా వాక్యం నుంచి అసలు జరిగినదేమిటో వెనక్కి రాబట్టి చూసుకునేవాణ్ణి; నా లెక్కలో సూత్రాన్ని వల్లించడం కన్న ఇదే ఎక్కువ పనికివచ్చింది.

తెలుగులో ఆలోచించేవారికి ఇంకొక చిక్కు కూడా ఉంది. ‘పిలిస్తే వచ్చేవాడు’ అన్నప్పుడు, పిలిచినప్పుడల్లా వచ్చే అలవాటు ఉండేదని గాని, పిలవలేదు కనుక రాలేదని గాని సందర్భాన్నిబట్టి అర్థం చేసుకుంటాము. ఇంగ్లిషు ఈ రెంటినీ ఒకే రూపంలో పెట్టదు. అలవాటుకు ‘హి వుడ్ కమ్’ సరిపోతుంది, జరగనిదానికి ‘హి వుడ్ హావ్ కమ్’ అనవలసిందే. అందుచేత ‘పిలిస్తే’ బదులు ‘పిలిచి ఉంటే’ అని పెట్టి చూసి, భావం చెడకపోతేనే థర్డ్ కండిషనల్ వైపు వెళ్లేవాణ్ణి. అయితే ‘వచ్చి ఉంటే లోపలికి పంపండి’ వంటి వాక్యాల్లో కూడా ‘ఉంటే’ కనిపిస్తుంది కాబట్టి, చివరి క్రియను కూడా చూడక తప్పదు.

వుడ్ స్థానంలో కుడ్, మైట్ పెట్టడం తేలికగానే వచ్చింది. ఫలితం ఖాయమనిపిస్తే వుడ్, వీలుండేదనుకుంటే కుడ్, బహుశా అనుకుంటే మైట్. వినడంలో మాత్రం చాలాకాలం తడబడ్డాను, ఎందుకంటే మాటల్లో హాడ్, వుడ్ రెండూ చివర ఒక్క ‘డ్’ శబ్దంగా కుదించుకుపోతాయి. ఆ ‘డ్’ తరువాత హావ్ వచ్చి, దాని వెంట మూడో రూపం వస్తే అది వుడ్. నేరుగా మూడో రూపమే వస్తే అది హాడ్. హావ్ కూడా ‘అవ్’ అన్నంత తేలికగా పలుకుతారు; హావ్ ఉండవలసిన చోట కొందరు ఆఫ్ అని రాయడానికి ఈ ఉచ్చారణే కారణం.

అన్నిటికన్న ఆలస్యంగా పట్టుబడినది మిశ్రమ రూపం. కారణం గతంలో ఉండి, ఫలితం ఇప్పటిదైతే రెండో భాగంలో వుడ్ హావ్ రాదు. ‘ఇఫ్ ఐ హాడ్ స్లెప్ట్ వెల్ లాస్ట్ నైట్, ఐ వుడ్ నాట్ బి టైర్డ్ నౌ’ అనాలి. ఇక్కడ చివర ఉన్న నౌ అన్న మాటే దారి చూపుతుంది. అది లేని వాక్యాల్లో ఫలితం నిన్నటితో ముగిసిందా, నేటికీ కొనసాగుతున్నదా అని ప్రతిసారీ చూసుకోవలసి వస్తుంది.