తలగడ

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది, ఈయనా పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. పొద్దున సండే స్కూల్లో విన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

యేసు పడవలో నిద్రపోతుంటే తుఫాను వచ్చిన కథ చెప్తున్నారు. చిన్నది చెయ్యెత్తి, "యేసయ్యకి నిజంగా నిద్రొచ్చిందా?" అని అడిగింది. చెప్తున్న అన్నయ్య నవ్వి, "ఆయన దేవుడమ్మా, ఆయనకి నిద్రేంటి? శిష్యుల విశ్వాసం చూద్దామని కళ్లు మూసుకున్నాడంతే" అన్నారు. పిల్లలంతా తలలూపారు. మాది ఊపలేదు. ఇంటికొచ్చేదాకా మాట్లాడనూ లేదు.

అంటే నటించాడనా? నిద్ర నటనైతే, సమరయ బావి దగ్గర అలసట నటనైతే, సిలువ మీద దాహం మాటేమిటి? ఇది కొత్త మాట కూడా కాదు. యేసు శరీరం, ఆయన శ్రమ పైకి కనిపించినవే తప్ప నిజం కావనేవాళ్లు మొదటి తరాల్లోనే ఉన్నారు. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ రెండో శతాబ్దం మొదట్లో, మరణశిక్షకి తనను రోముకు తీసుకెళ్తుంటే, దారిలో రాసిన ఉత్తరాల్లో వాళ్లతోనే పోట్లాడాడు. యేసు బాధ ఉత్తుత్తిదే అయితే నేను ఈ సంకెళ్లలో ఎందుకున్నాను అని అడిగాడు. ఆ ప్రశ్న గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నాన్న పోయిన రోజు నాకూ ఇలాంటి మాటే తగిలింది. ఒక పెద్దావిడ నా భుజం పట్టుకుని, "ఏడవకమ్మా, పునరుత్థానం మీద నమ్మకం లేదా?" అన్నారు. ఏడుపు మింగేశాను. వచ్చినవాళ్లకి కుర్చీలు వేశాను, మంచినీళ్లిచ్చాను, ఫోన్లు ఎత్తాను. సాయంత్రం అమ్మమ్మ మంచం పక్కనుంచి వెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "యేసు కన్నీళ్లు విడిచెను" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. మూడే మాటల వచనం. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చినవాడు. అక్కడే కూలబడి, ఆవిడ పక్కలో మొహం పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను.

అంతకుముందు నాన్న ఐసీయూలో ఉన్న రాత్రుళ్లు నేను ఎవరికి ప్రార్థన చేశాను? ఏడ్చే యేసుకు కాదు. గాలిని గద్దించినవాడికి, "లాజరూ, బయటికి రమ్ము" అన్నవాడికి. అలసిపోయేవాడు అప్పుడు నాకు అక్కర్లేదు. నేనూ సగం యేసునే పట్టుకుని వేలాడాను. ఆ అన్నయ్యకీ ఏదో ఒక తుఫాను నడుస్తుందేమో. తన పడవలో ఉన్నవాడు నిజంగా నిద్రపోయాడని ఒప్పుకోవాలంటే భయమే కదా. కోపం సగం తగ్గింది. సగమే. పిల్లకి అలా చెప్పకుండా ఉండాల్సింది.

451లో బిషప్పులంతా కూడిన కల్కెదోను సభ కూడా ఒకే యేసు దేవుడూ మనిషీ ఎలా అయ్యాడో విప్పి చెప్పలేదు. సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మనిషి, ఒక్కడే వ్యక్తి అంది. ఆ రెండు స్వభావాలు కలగలిసిపోకుండా, మారిపోకుండా, ముక్కలు కాకుండా, విడిపోకుండా ఉన్నాయంది. ఆ నాలుగు మాటలూ చదివినప్పుడు పొడిగా అనిపించేవి. ఈ రాత్రి మార్కు సువార్త నాలుగో అధ్యాయం తీస్తే వేరేగా కనిపించాయి. దోనె అమరంలో, అంటే పడవ వెనక భాగంలో, తలగడ మీద పడుకున్నాడట. తుఫాను కథ మత్తయిలో, లూకాలో కూడా ఉంది కానీ తలగడ మార్కు ఒక్కడే రాశాడు. రోజంతా బోధించి అలసినవాడు తల పెట్టుకున్న తలగడ. వాళ్లు లేపితే లేచాడు, అదే గొంతుతో సముద్రాన్ని ఊరుకోమన్నాడు.

రేపు లేవగానే చిన్నదానికి చెప్పాలి, నిజంగానే నిద్రపోయాడని, తలగడ కూడా ఉందని. "మరి అప్పుడు పడవని ఎవరు చూసుకున్నారు?" అని తప్పకుండా అడుగుతుంది. మనిషి శరీరంలో ఉంటూనే దేవుని వాక్యమైన యేసు లోకమంతటినీ నిలబెడుతూ ఉన్నాడని నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాశాడు. దాన్ని ఎనిమిదేళ్ల పిల్లకి ఏ మాటల్లో చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.